లేదు అనాలంటే రెండు వందలు

ఒకటి. ఏమీ లేదు. రెండు. ఏమీ లేదు. మూడు, నాలుగు, అయిదు. ఎడమచేతి గుప్పిట్లో లెక్కమీట టక్కు టక్కుమంటోంది, కుడిచెయ్యి మైక్రోస్కోపు మరను తిప్పి స్లైడును వెంట్రుకవాసి పక్కకు జరుపుతోంది, కంటి ముందున్న గుండ్రటి వెలుగులోకి ఊదారంగు మచ్చలు వస్తున్నాయి, పోతున్నాయి. అన్నీ తెల్లకణాలే, ఇరవై ఏళ్లుగా ఎరిగిన మొహాలే. ఆ ఒక్కో గుండ్రటి వెలుగును ల్యాబులో ఫీల్డు అంటారు. రెండు వందల ఫీల్డులు చూస్తేగాని ఒక స్లైడులో మలేరియా పురుగు లేదని రాయకూడదు. రూలది. తొందరపడనూ కూడదు, ఒక్కో ఫీల్డులో మరను పైకీ కిందికీ ఆడిస్తూ లోతంతా చూడాలి. ఇప్పుడు మూడూ పది. నాలుగింటికి ఎదురు భవనంలో, మూడేళ్లపాటు ఒక్క కేసూ లేకపోతే మలేరియా పోయిందని రాసిచ్చే కమిటీ కూర్చుంటుంది. పందొమ్మిది రోజుల కిందట ఒక అయిదేళ్ల పిల్ల వేలికొన నుంచి తీసి ఈ గాజుపలక మీద ఆరబెట్టిన ఒక్క చుక్క రక్తంలో పురుగు ఉందో లేదో ఈలోగా తేలిపోవాలి. తేల్చాల్సింది ఆమే. ఊళ్లమీద తిరిగే ఆరోగ్య కార్యకర్తలంతా ఆమెను సున్నా మేడం అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఆమె ఏమీ అనుకోలేదు, అనుకోకపోవడమేమిటి, లోలోపల మురిసిపోయింది. పన్నెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి తెచ్చిన సున్నా అది. ఈ ప్రాంతంలో మలేరియా అంటుకున్న మనిషి ఒక్కరూ లేకుండా మూడేళ్లు, ఇంకా ఆరు రోజులు తక్కువ. ఆరంటే ఆరు.

పదకొండు. పన్నెండు. నిన్న పొద్దున వార్డు నుంచి కబురు రాకపోయి ఉంటే ఈ వేళకి ఆమె ఎదురు భవనంలో కమిటీవాళ్లకి టీలు అందాయా లేదా అని కంగారుపడుతూ ఉండేది. కబురొచ్చింది. రాతిక్వారీలో పనిచేసేవాళ్ల పిల్ల, ఒళ్లు తెలియని జ్వరం, రక్తం నిండా పురుగులు. పిల్లకి అది ఎక్కడ అంటుకుందన్నదే ఇప్పుడు ప్రశ్న. ఆ కుటుంబం మలేరియా ఇంకా పోని ఎక్కడో దూరపు చోటు నుంచి వచ్చి ఇక్కడ లారీ దిగి ఇరవై రెండు రోజులైంది. దిగిన మూడో రోజున కార్యకర్త వెళ్లి, కొత్తగా వచ్చినవాళ్లందరికీ తీసినట్టే ఆ పిల్లకీ వేలు గుచ్చి రక్తం తీసింది. దోమ కుట్టాక పురుగు రక్తంలో కనబడాలంటే ఎంత లేదన్నా వారం పడుతుంది. అంచేత మూడో రోజు నాటి ఈ స్లైడులోనే పురుగుంటే పిల్ల దాన్ని వెంట తెచ్చుకున్నట్టు లెక్క, ఇక్కడి సున్నాకి వచ్చిన నష్టం లేదు. లేకపోతే ఇక్కడి దోమే కుట్టిందని కమిటీ రాసుకుంటుంది, మూడేళ్లూ మట్టికొట్టుకుపోతాయి, మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. అయితే దేవుడా, ఉండేట్టు చూడు అని దండం పెట్టుకోవచ్చు కదా. అక్కడే ఉంది తిరకాసు. ఈ స్లైడును అప్పుడే ఒకసారి చదివారు. లేదు అని రిజిస్టరులో రాశారు. ల్యాబులో చదివినవాటిలో పదింట ఒకటి తీసి రెండో మనిషి మళ్లీ చదవాలి, ఆ రెండో మనిషి ఆమె. ఈ స్లైడు ఆ పదింట ఒకటిలో పడింది. దాని వరసలో ఆమె టిక్కు ఉంది, కింద ఆమె సంతకం ఉంది. ఆమె ఆ రోజు దీన్ని చూడలేదు. చూడనే లేదు. పెట్టెలోంచి తియ్యనైనా తియ్యలేదు. ముప్ఫై స్లైడులకు ముప్ఫై టిక్కులు, పై నుంచి కిందిదాకా ఒక్క ఊపులో.

ఇరవై. ఇరవై ఒకటి. కాబట్టి ఉంటే సున్నా నిలబడుతుంది, తను కూలిపోతుంది. లేకపోతే తను నిలబడుతుంది, సున్నా కూలిపోతుంది. ఏది కావాలే నీకు అని తననే నిలదీసుకుంది. ఫీల్డు జరిపిన ప్రతిసారీ గుండె ఒక మెట్టు దిగుతోంది, ఏమీ కనబడకపోతే మళ్లీ ఒక మెట్టు ఎక్కుతోంది, ఆ ఎక్కడం హాయా బాధా కూడా తెలియడం లేదు. ఇదేం ఖర్మ! లెన్సు మీద వేసిన నూనె వాసన ముక్కుకి కొడుతోంది.

ముప్ఫై ఏడు. మొదట చదివింది బాబాయి. సొంత బాబాయి కాడు, ల్యాబులో అందరికీ బాబాయే, ఈ మైక్రోస్కోపు ముందు ముప్ఫై నాలుగేళ్లు వంగి కూర్చుని నడుములో ఆ వంపు అలాగే ఉండిపోయిన మనిషి. ఆమెకు చదవడం నేర్పిందీ ఆయనే. చదువులు చదివి, పట్టా చేత పుచ్చుకుని, ఉన్న జ్ఞానమంతా తన దగ్గరే ఉందన్న ధీమాతో ఈ గదిలోకి అడుగుపెట్టిన రోజున ఆయన ఒక స్లైడు చేతికిచ్చి ఏముందో చెప్పమన్నాడు. యాభై ఫీల్డులు చూసి ఏమీ లేదంది. ఆయన నవ్వాడు. "ఉంది అనడానికి ఒక్కటి కనపడితే చాలమ్మాయ్. లేదు అనాలంటేనే రెండు వందలు చూడాలి. లేదు అనడం అంత సులువనుకున్నావా?" నూట పన్నెండో ఫీల్డులో ఉంది ఆ రోజు. చిన్న ఉంగరం, నీలిరంగు ఉంగరానికి ఎర్రటి చిన్న రాయి, ఎంత ముద్దుగా ఉందో, సిగ్గులేకుండా అబ్బ అనేసింది. ఆ రోజుల్లో పెట్టె తెరిస్తే పదికి రెండు ఉండేవి, వానల తర్వాతయితే నాలుగు. చూసీచూసీ కళ్లు మూసుకుంటే రెప్పల వెనక ఉంగరాలు తేలేవి. తర్వాత తగ్గాయి, వారానికి ఒకటి, నెలకి ఒకటి, తర్వాత మరీ లేవు. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. ఉన్నదాన్ని వెతకడానికి కంటికి ఓపిక ఉంటుంది. ఏళ్ల తరబడి లేనిదాన్ని వెతకమంటే కన్ను కూడా మనిషే కదా, మొండికేస్తుంది. బాబాయి కుడికంటికి పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు, ఎడమ కంటితో చదువుతున్నాడు. ఆమెకు తెలుసు. పదవీ విరమణకి రెండు నెలలే ఉంది, పోనీలే, ఎలాగూ నేను మళ్లీ చూస్తాను కదా అనుకుంది. ఎలాగూ నేను చూస్తాను కదా! ఆ ముక్క గుర్తొస్తే ఇప్పుడు చెంప మీద ఎవరో ఛెళ్లున కొట్టినట్టుంది. ఆయన చూశాడు, కనబడలేదు. తను చూడలేదు. రెండూ ఒకటి కావు. ఎన్ని వంకలు పెట్టినా రెండూ ఒకటి కావు. బాబాయి ఇప్పుడు బయట మెట్ల మీద కూర్చున్నాడు, లోపలికి రమ్మంటే రాలేదు. "నువ్వే చూడమ్మా. నా కంటిని నేనే నమ్మడం మానేశాను" అన్నాడు.

నలభై నాలుగు. వెనక గదిలో కొళాయి తిప్పిన చప్పుడు. తొట్టిలో నీళ్లు పడుతున్నాయి. స్లైడులు కడిగే అత్త వచ్చినట్టుంది. చదవడం అయిపోయిన స్లైడుల్ని ఇక్కడ పారెయ్యరు, సబ్బునీళ్లలో నానబెట్టి, తోమి, ఆరబెట్టి మళ్లీ వాడతారు, మొదటినుంచీ అదే పద్ధతి. ఎవరెవరి వేళ్ల నెత్తురో అన్నీ అదే తొట్టిలో కలిసి, కాస్త ఊదారంగు నురగై తూములోకి పోతుంది. అత్త నడుం పట్టేసి మూడు వారాలు మంచం మీదుంది కనక ఈ పెట్టె మిగిలింది. లేకపోతే ఈ స్లైడు ఎప్పుడో కడిగించుకుని ఇంకెవరి రక్తాన్నో మోస్తూ ఉండేది. నిన్న డైరెక్టరు అడిగాడు, పిల్ల పాత స్లైడు ఏమైనా మిగిలిందా మేడం, మిగిలి అందులో ఉంటే బతికిపోతాం అని. ఆమె ఏమంది? కడిగేసి ఉంటారు సార్, చూస్తాను అంది. నోట్లోంచి ఎంత నున్నగా జారిందో ఆ మాట! పెట్టె ఎక్కడుందో తెలుసు. బీరువా కింది అరలో ఉందని తెలుసు. తెలిసే అంది.

"తల్లీ!" అత్త గుమ్మంలోంచి తొంగిచూసింది. చేతులకి అప్పుడే మోచేతుల దాకా నురగ. "ఆ బల్ల మీద పెట్టె కూడా పాతదే కదా? ఇటు పడేస్తే నానబెట్టేస్తాను. మూడు వారాల పని కుప్పపడింది, నన్ను తిట్టుకుంటూ ఉండుంటారు అందరూ."

"ఎవరూ తిట్టుకోలేదు అత్తా."

"తిట్టుకునే ఉంటారులే, నాకు తెలీదా. ఇస్తావా?"

ఇచ్చేస్తే? ఒక్క క్షణం. నలభై నాలుగో ఫీల్డు మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనరు. స్లైడు దొరకలేదు సార్. కడిగేశారు సార్. రిజిస్టరులో లేదు అనే ఉంది, ఇద్దరి సంతకాలున్నాయి, ఎంత పద్ధతిగా ఉంది! సున్నా పోతుంది, పోనీ, దోమని తిట్టుకోవచ్చు, వానల్ని తిట్టుకోవచ్చు, క్వారీ గుంతల్ని తిట్టుకోవచ్చు. బాబాయి పూలదండతో ఇంటికెళతాడు. తను మళ్లీ మూడేళ్లు సున్నా కోసం పరిగెడుతుంది, పాపం ఆరు రోజుల్లో చెయ్యి జారిపోయిందట అని జనం జాలిపడతారు. జాలి! ఎంత చవగ్గా వస్తుందో. నాలుక చివరిదాకా వచ్చింది తీసుకో అత్తా అన్న మాట. అయ్యో, వచ్చింది, ఎందుకు దాచాలి, వచ్చింది.

"ఇది ఉంచత్తా," అంది. "ఇది కడక్కు. నేను చెప్పేదాకా ఈ పెట్టె జోలికి రాకు."

"ఏమో తల్లీ, మీ పెట్టెలు మీ ఇష్టం," అంటూ అత్త వెళ్లిపోయింది. కొళాయి ఆగింది. నలభై నాలుగు మళ్లీ మొదటినుంచి చూసింది.

అరవై ఒకటి. ఆగు. అదేమిటి? నీలంగా, పక్కన ఎర్రగా. ఊపిరి బిగబట్టింది. మర పైకి, కిందికి. పైకి తిప్పితే అది మెరిసింది, కణాల మీద వేరే పొరలో ఉంది. రంగు నలుసు. వట్టి రంగు నలుసు, పురుగు కాదు. పట్టిన ఊపిరి వదిలింది. అమ్మయ్య అనుకుంది, వెంటనే ఎందుకు అమ్మయ్య అనుకున్నావే అని తనమీద తనకే ఒళ్లు మండింది. ఆ ముప్ఫై టిక్కుల రోజు ఎంత బాగా గుర్తుందంటే, మర్చిపోదామన్నా కుదరదు. బల్ల మీద కమిటీకి ఇవ్వాల్సిన నివేదిక, నాలుగు వందల పేజీలు, ఈ ప్రాంతంలో మలేరియా లేదని రుజువు చేసే పేజీలు. ఆ లేదు అన్న మాట నిలబడిందే ఈ స్లైడుల మీద, స్లైడులు చూడ్డానికి మాత్రం తీరిక లేదు, నివేదిక రాయాలి కదా! నవ్వొస్తోందా? అప్పుడూ నవ్వుతూనే ఉంది. అక్క ఫోన్ చేసింది. బావ డాబా మీది నీళ్ల ట్యాంకు కడుగుతానని లోపలికి దిగి పైకి రాలేక ఇరుక్కుపోయాడట. లోపలికి ఎలా పట్టాడే అంటే, పొద్దున్న ఖాళీ కడుపుతో దిగాడే, ఆకలేస్తోందంటే టిఫిను లోపలికే అందించాను, అదే పొరపాటైంది అంది అక్క. వెనకాల ట్యాంకులోంచి బావ గొంతు, బావిలోంచి వచ్చినట్టు మోగుతూ, నవ్వింది చాలుగాని ఎవర్నైనా పిలు అని అరుస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది ఆ రోజు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంటూ కుడిచేత్తో టిక్కులు పెట్టింది. మూడేళ్లలో రెండోసారి చూడాల్సిన స్లైడులు వేలకి వేలు వచ్చాయి, ఒక్కదాంట్లో లేదు, ఈ ముప్ఫైలో మాత్రం ఉంటుందా ఏమిటి? అంతే. అంత తేలిగ్గా. బావని చివరికి ఎలా తీశారో కూడా అడగలేదు.

ఎనభై. ఎనభై ఒకటి. కళ్లు మండుతున్నాయి, రెప్ప వెయ్యడం మర్చిపోతోంది. నీ ఉద్యోగం ఏమిటమ్మా అని పోయినేడు కూతురు అడిగింది, స్కూల్లో రాసుకురమ్మన్నారట. లేనిదాన్ని వెతకడం అంది ఆమె గొప్పగా. లేనిదాన్ని వెతికితే జీతమిస్తారా అని పడీపడీ నవ్వింది పిల్ల, నేను కూడా రోజూ నోట్సులో లేని హోంవర్కు వెతుకుతాను, నాకూ ఇప్పించు అంది. గడుసుది. ఇది తెలిస్తే ఏమంటుంది? అమ్మా, వెతక్కుండానే జీతం తీసుకున్నావా అంటుంది. పదకొండేళ్లకి అలాంటి మాటలు ఎక్కడ దొరుకుతాయో వాళ్లకి. మొదటి సున్నా నెల గుర్తొచ్చింది, నివేదిక పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలేస్తే డైరెక్టరు పిలిచి ఖాళీ ఉంచకండి మేడం, సున్నా వెయ్యండి, ఖాళీ అంటే చూడలేదని అర్థం, సున్నా అంటే చూశాం లేదు అని అర్థం అన్నాడు. ఎంత గర్వంగా వేసింది ఆ గుండ్రం! ఎన్ని గుండ్రాలు వేసింది ఆ తర్వాత. వాటిలో ఎన్ని సున్నాలో, ఎన్ని ఖాళీలో, ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. వంద. మూడున్నర దాటింది. వంద దగ్గర కన్నెత్తి కిటికీలోంచి చూసింది. పెరట్లో ఇటు ఆస్పత్రి వార్డు, అటు కమిటీ కూర్చునే భవనం, మధ్యలో నిన్న రాత్రి వాన నీళ్లు నిలిచిన చిన్న గుంట. గుంట చూస్తే చాలు ఒళ్లు జలదరిస్తోంది. ఈ స్లైడులో పురుగుంటే, పిల్ల పందొమ్మిది రోజులు దాన్ని ఒంట్లో పెట్టుకుని ఆ క్వారీ గుంతల పక్కన పడుకుంది, అన్ని సాయంత్రాలూ దోమలు కుట్టాయి, కుట్టిన దోమలు ఇంకెవరినో కుట్టాయి. నిన్నటినుంచి కార్యకర్తలు గుడిసె గుడిసెకీ తిరిగి రక్తం తీస్తూనే ఉన్నారు. ఇవాళ నిలబడ్డ సున్నా వచ్చే వారం నిలబడుతుందన్న నమ్మకం లేదు. ఈ సంగతి డైరెక్టరుకీ తెలుసు. తెలిసినా వచ్చే వారం సంగతి వచ్చే వారం అంటాడు. అప్పుడు గానీ ఆమెకు తట్టలేదు, వంద ఫీల్డులు చూసింది, సున్నాని తలుచుకుంది, తన పరువుని తలుచుకుంది, బాబాయిని, అక్కని, ఆఖరికి ట్యాంకులో ఇరుక్కున్న బావని కూడా తలుచుకుంది. పిల్లని తలుచుకోలేదు. ఈ రక్తం ఎవరిదో ఆ పిల్లని మాత్రం తలుచుకోలేదు.

నూట ఒకటి. నిన్న సాయంత్రం వార్డులోకి కాగితాలు పట్టుకుని వెళ్లింది, పిల్ల ఎప్పుడొచ్చింది, ఎక్కడ పడుకునేది, ఎన్ని రోజుల జ్వరం, అన్నీ రాసుకోవాలి. పిల్ల చాలా చిన్నదిగా ఉంది, అయిదేళ్లంటే నమ్మబుద్ధి కాలేదు. కళ్లు సగం మూసి ఉన్నాయి, తెల్లగుడ్డు కనబడుతోంది. ఒక కాలికి మాత్రం ఎర్ర పూసల పట్టీ. రెండోది ఏమైందని అడగబోయి మానేసింది, కాగితంలో ఆ ప్రశ్న లేదు. తల్లి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. వేళ్ల సందుల్లో రాతిపొడి. అడిగినవాటికన్నిటికీ ఒద్దికగా జవాబు చెప్పింది. చివర్న ఆమె కాగితాలు సర్దుకుంటుంటే, "అప్పుడు కూడా వేలు గుచ్చి రక్తం తీసుకెళ్లారు కదమ్మా? ఏమీ లేదన్నారు కదా?" అంది. తప్పుపడుతున్నట్టు కాదు. నిజంగా తెలుసుకుందామని. "లేదన్నారు కదా అని మేము పనికెళ్లిపోయాం. జ్వరం వస్తే ఎండదెబ్బ అనుకున్నాం." కనుక్కుని చెబుతానమ్మా అని వచ్చేసింది. కనుక్కుని! నూట పదిహేడు. అందుకోసం బీరువా కింది అర తెరవడానికి రాత్రంతా, ఈ పొద్దంతా పట్టింది. నూట ఇరవై. నూట ఇరవై ఒకటి. తల్లి ఎండదెబ్బ అనుకోవడం గురించి నివేదికలో ఏమని రాస్తారు? తల్లిదండ్రుల నిర్లక్ష్యం వల్ల వైద్యం ఆలస్యమైంది. రాస్తారు. తనే రాసి ఉండేది. నూట ముప్ఫై. ఒకవేళ ఇందులో లేకపోతే? నిజంగానే లేకపోతే, చూసినా కనబడేది కాదు, తన తప్పు లేదు, ఉండొద్దు ఉండొద్దు ఉండొద్దు. ఇదిగో, ఇన్నాళ్టికి బయటపడింది అసలు కోరిక. సున్నా పోతే పోనీ. పిల్ల పక్కన నిలబడి నాకు తెలియదమ్మా అని చెప్పగలిగితే చాలు. నూట నలభై. నూట నలభై ఒకటి. నూట నలభై రెండు.

నూట నలభై మూడు. ఉంది.

మర పైకి తిప్పింది, మాయమైంది. కిందికి తిప్పింది, వచ్చింది. కణాల పొరలోనే ఉంది. చిన్న ఉంగరం. సన్నటి నీలి గీత, దాని మీద ఎర్రటి చుక్క. నలుసు కాదు. నీడ కాదు. ఇరవై ఏళ్ల కిందట చూసి అబ్బ అన్నదే. పందొమ్మిది రోజులుగా, ఈ గదిలో, ఈ బీరువాలో, ఆమె కుర్చీకి నాలుగడుగుల దూరంలో అలాగే కూర్చుని ఉంది. కళ్లు తిప్పితే పోతుందేమోనన్నట్టు చాలాసేపు అలాగే చూసింది. తర్వాత లెక్కమీట నొక్కింది. నూట నలభై నాలుగు. ఆపెయ్యొచ్చు, ఉంది అనడానికి ఒక్కటి చాలు. ఆపలేదు. అప్పుడు ఒక్కటీ చూడనందుకు ఇప్పుడు ఒక్కటి కూడా వదలబుద్ధి కాలేదు. నూట అరవై ఎనిమిదిలో ఇంకోటి. నూట తొంభై ఒకటిలో రెండు, పక్కపక్కనే. రెండు వందలు. మొత్తం నాలుగు. చూస్తే కనబడేవి. పొర కమ్మిన కంటికి కాకపోయినా, నవ్వి నవ్వి నీళ్లు నిండిన కంటికి కాకపోయినా, మామూలుగా కూర్చుని చూసిన కంటికి కనబడేవే.

బాబాయి ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మీట చప్పుడు ఆగిపోవడం బయటికి వినబడి ఉంటుంది.

"ఉందా?"

"ఉంది బాబాయ్. నాలుగు."

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు. "నా పేరు రాయి," అన్నాడు. "ముందు చదివింది నేను. నీ టిక్కు సంగతి ఎవరడుగుతారమ్మా, రెండోసారి కూడా కనబడలేదని రాస్తే సరిపోతుంది. నేనెలాగూ పోయేవాణ్ణే."

"నాకు కనబడకపోవడం కాదు బాబాయ్. నేను చూడలేదు. మీరు చూశారు."

రిజిస్టరు తీసింది. పాత టిక్కు మీద దిద్దకుండా, ఎవరికైనా కనబడేలా దాని మీదుగా ఒక్క గీత గీసింది. పక్కన రాసింది, ఈ తేదీన ఈ స్లైడును, దీనితో పాటున్న ఇరవై తొమ్మిదింటిని చూడకుండానే సంతకం చేశాను, ఈరోజు చూశాను, పురుగు ఉంది. అదే ముక్క ఇంకో కాగితం మీద రాసి సంతకం పెట్టి బాబాయి చేతికిచ్చింది. మిగతా ఇరవై తొమ్మిదీ సాయంత్రం చూడాలి. నాలుగింటికి ఎనిమిది నిమిషాలు తక్కువ. ఫోను మోగింది.

"మేడం, స్లైడు ఏమైనా..."

"దొరికింది సార్. ఉంది."

"ఉందా?" డైరెక్టరు కేకకి ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. "మూడో రోజునే ఉందా? అమ్మయ్య! బతికించారు తల్లీ! నాకు తెలుసు, మీరుండగా సున్నా ఎక్కడికి పోతుంది! వెంటనే పట్టుకు రండి, అందరూ కూర్చున్నారు."

"సార్, ఆ స్లైడు పక్కన టిక్కు నాది. చూడకుండా పెట్టాను."

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం మేడం. ముందు స్లైడు తెండి."

"బాబాయి తెస్తున్నారు. ఆయన చేతిలో కాగితం కూడా ఉంది. అది కూడా చదవాలి సార్." ఫోను పెట్టేసింది. బాబాయి స్లైడు పెట్టెని రెండు చేతులా పట్టుకుని, కాగితం జేబులో పెట్టుకున్నాడు. చదివేదాకా అక్కణ్ణించి కదలను అన్నాడు. మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టూ కాలితో తడిమి దిగాడు.

పెరడు దాటడానికి ఎంతసేపు, నూటయాభై అడుగులు. వాన గుంట చుట్టూ తిరిగి వెళ్లింది. వెళుతూ మాటలు పేర్చుకుంది. చూడమ్మా, ఒక్కోసారి పురుగులు మరీ తక్కువుంటే కనబడవు. నిజమే, కానీ అది కాదు. చూడమ్మా, రోజుకి వందల స్లైడులు వస్తాయి. నిజమే, అదీ కాదు. నాకు ఆ రోజు వేరే పని. మా అక్క ఫోన్. మూడేళ్లుగా ఎక్కడా లేదు కనక. ఒక్కో మాటా నోట్లో పెట్టుకుని చూసుకుంది, ఒక్కోటీ ఉమ్మేసింది. వార్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి రెండే మిగిలాయి. నర్సు ఎదురొచ్చి, జ్వరం కాస్త తగ్గింది మేడం, ఇంకా కళ్లు తెరవలేదు అని చెప్పి వెళ్లిపోయింది. పిల్ల నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. కాలికి ఎర్ర పూసలు. తల్లి ఆమెను చూసి లేవబోయింది. వద్దని ఆమే పక్కన కింద కూర్చుంది, నేల చల్లగా తగిలింది.

"నిన్న అడిగావు కదమ్మా, అప్పుడు ఏమీ లేదన్నారు కదా అని." "ఉందమ్మా. నేను చూడలేదు."

తల్లికి వెంటనే అందలేదు. ఆమె మొహంలోకి చూసింది, పిల్ల వైపు చూసింది, మళ్లీ ఆమె వైపు తిరిగింది. తల్లి అరుస్తుందనుకుంది ఆమె, జుట్టు పట్టుకుంటుందనుకుంది, అలా చేసినా బాగుండుననుకుంది. తల్లి మంచం కోడు మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడు చూశారా?"

"ఇప్పుడే. ముప్పావుగంట కూర్చుని చూశాను."

"మందు నిన్ననే మొదలెట్టారు కదమ్మా పిల్లకి. అప్పటి నెత్తురుతో ఇంకేం పని?" తల్లి గొంతులో కోపం లేదు, నిన్నటిలాగే నిజంగా తెలుసుకుందామని అడిగింది. "మరి ఇప్పుడెందుకు చూశారు?"

ఆమె నోరు తెరిచింది. ఎదురు భవనం కిటికీల్లోంచి చప్పట్లు వినబడ్డాయి.